గోడకి ఆనించిన ఫ్రిజ్

ఫ్రిజ్ గుమ్మంలో పట్టలేదు. రెండు వేళ్ళ తేడా. తెచ్చిన మనుషులిద్దరూ దాన్ని మెట్ల మీద నిలబెట్టి నా వంక చూశారు. నేను లోపల కుర్చీలో ఉన్న మేస్త్రీ వంక చూశాను.

"నా గుమ్మం కోస్తారా ఏమిటి?" అన్నాడాయన.

"తలుపు రెక్క ఊడదీస్తే పడుతుంది."

"ఊడదియ్యి. ముందు తలుపు, తర్వాత గోడ, తర్వాత నన్ను. వరసగా ఊడదియ్యి."

మేస్త్రీ అంటే నా భార్య తండ్రి. మామగారే, కానీ ఆ పిలుపు ఆయనకి గిట్టదు. పెళ్ళికి ముందు ఎనిమిదేళ్ళు ఆయన దగ్గర పైపుల పని నేర్చుకున్నాను. అప్పుడు మేస్త్రీ అన్నాను, ఇప్పుడూ అదే. పెళ్ళయిన మర్నాడు నోరు జారి 'మామయ్యా' అన్నాను. "ఎవడ్రా నీకు మామయ్య? పానా ఇలా అందుకో" అన్నాడు. అందించాను. మళ్ళీ ఆ మాట అనలేదు.

ఉంటున్నది ఆయన ఇంట్లో. ఇటుకలు ఎవరో పేర్చారు గానీ, గోడల్లో ప్రతి పైపూ ఆయన చేతి మీదుగా పోయిందే. కుర్చీలు ఆయనవి, మంచం ఆయనది, అద్దం ఆయనది. మూడేళ్ళ కాపురంలో మాది అని చెప్పుకునే వస్తువు ఆ ఇంట్లో ఒక్కటి లేదు. ఇద్దరి చెప్పులు తప్ప.

ఫ్రిజ్ కొన్నది నా భార్య. పెద్ద లాండ్రీలో ఆవిరి ఇస్త్రీ యంత్రం దగ్గర రోజంతా నిలబడే పని ఆమెది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మొహం ఉడికిన దుంపలా ఉంటుంది. తలుపులో గ్లాసు నొక్కితే చల్లటి నీళ్ళు పడే ఫ్రిజ్ ఎక్కడో చూసింది. అదే కావాలంది. ఒక్క గ్లాసు, ఎవరినీ అడక్కుండా, నేను నొక్కి తాగాలి అంది. ఆమె ఏదైనా కావాలని నోరు తెరిచి అడగడం నేను వినడం అదే మొదలు.

"నీళ్ళు తాగడానికి పెట్టె ఎందుకు? కొళాయి లేదా?" అన్నాడు మేస్త్రీ, ఆ మాట చెవిన పడ్డ రోజున.

"కొళాయి చల్లగా ఇస్తుందా నాన్నా?"

"నీ మొగుడు నేర్చిన పనికి అదీ ఇవ్వదు."

ఆ మీదట రెండు వారాలు ఇంట్లో మాటల్లేవు. నిన్న రాత్రి అన్నం ముందు కూర్చుని ఆయనే ఒక షరతు పెట్టాడు.

"పెట్టె తెచ్చుకోండి. కాదనను. నీళ్ళ లైను వీడే కలపాలి. నా ఇంటి నేల మీద చుక్క నీరు పడిందా, పెట్టె బయటికి పోవాలి, దాని వెనకే మీరిద్దరూ పోవాలి. రేపు సాయంత్రం నాలుగింటికి ఇంచీ వస్తాడు. వాడు చూసి చెబుతాడు."

ఇంచీ అంటే మేస్త్రీకి అందరికన్నా ముద్దయిన శిష్యుడు. ప్రతిదీ అంగుళాల్లో కొలిచే అలవాటు వల్ల ఆ పేరు పడింది. ఇప్పుడు వాడి కింద పదిమంది పనిచేస్తున్నారు. కూతుర్ని వాడికి ఇవ్వాలని మేస్త్రీ మనసులో ఉండేది. కూతురు నన్ను చేసుకుంది. ఆ కోపం ఆయన దాచుకోలేదు. నేనూ అడగలేదు.

తలుపు రెక్క బందుల నుంచి ఊడదీసి పెరట్లో గోడకి చేరేశాను. ఫ్రిజ్ లోపలికొచ్చింది. తెచ్చినవాళ్ళలో పెద్దవాడు చెమట తుడుచుకుంటూ, "బండిలో పడుకోబెట్టి తెచ్చాం. నాలుగు గంటలు నిలబెట్టి ఉంచి, అప్పుడు ప్లగ్గు పెట్టండి. నీళ్ళ లైను మా పని కాదు" అన్నాడు.

"ఎవరి పనీ కాదు. మా ఇంట్లో ఒక పనోడున్నాడులే. తిని కూర్చుంటాడు," అన్నాడు మేస్త్రీ.

వాళ్ళు నవ్వి వెళ్ళిపోయారు. అప్పటికి పదిన్నర.

ముందుగదికీ వంటగదికీ మధ్య ఒకటే గోడ. అటు పక్క సింకు, ఇటు పక్క మూల ఫ్రిజ్. సింకు కింది లైనుకి మూడు మూతుల టీ ముక్క ఒకటి బిగించి, గోడలో వేలు పట్టేంత కన్నం చేసి, పావు అంగుళం తెల్ల గొట్టం ఇటు లాగాలి. అంతే పని. గంట పట్టదు.

కన్నం ఎక్కడ చెయ్యాలన్నదే చూసుకోవాలి. గోడలో పైపు ఉంటుంది కదా. అది ఎక్కడుంటుందో చెప్పడం మా మేస్త్రీ శిష్యుల్లో ఎవరికైనా వచ్చు. పని నేర్చుకున్న మొదటి రోజే ఆయన చెప్పే పాఠం అది. గోడలో పైపు నిలువుగా దిగాలి, లేదా నేల మట్టాన అడ్డంగా పోవాలి. ఏటవాలుగా పోకూడదు. "రేపెవడో వచ్చి మేకు కొడతాడు. కొళాయి ఎక్కడుందో చూసి, పైపు ఎటుందో వాడు చెప్పగలగాలి. మనిషి ఆడితే ఆడాడు, గోడ అబద్ధం ఆడకూడదు." నలభై మంది శిష్యులకి ఆ మాట కంఠతా వచ్చు.

రెండో పాఠం, ప్లాస్టిక్ పైపుని మంట మీద కాల్చి వంచకూడదు. మలుపు దగ్గర ఎల్బో, అంటే వంపు ముక్క, పెట్టాలి. ఎల్బో లేకపోతే పని ఆపి, కొట్టు తెరిచేదాకా కూర్చోవాలి. నేను కొత్తలో ఒకసారి చాటుగా కాగితాల మంట మీద పైపు వంచాను. ఆయన చూశాడు. లాక్కుని నా వీపు మీదే విరగ్గొట్టాడు. ఇంచీ పక్కనే ఉన్నాడు. నవ్వి నవ్వి గోడకి ఆనుకున్నాడు. ఎడమ భుజం కింద ఆ గీత ఇప్పటికీ ఉంది.

కాబట్టి నాకు అనుమానం లేదు. డాబా మీది ట్యాంకు నుంచి పైపు వీధి వైపు మూలలో నిలువుగా దిగుతుంది. నేలకి జానెడు ఎత్తున అడ్డంగా పోయి, సింకు దగ్గర పైకి లేస్తుంది. ఆ మూలకీ సింకుకీ మధ్య, మోకాలి పైన, గోడ ఖాళీ. అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టాను.

మేస్త్రీ కుర్చీని గోడకి ఎదురుగా జరుపుకుని కూర్చున్నాడు. తుంటి నొప్పి మనిషి, అస్తమానూ జరగడు. ఆ రోజు జరిగాడు. గుర్తు చూశాడు. నన్ను చూశాడు. ఏదో అనబోయి నీళ్ళు నమిలాడు.

"ఏమిటి మేస్త్రీ?"

"ఏముంది? కన్నం చెయ్యడానికి ముహూర్తం చూస్తున్నావా?"

"మీరేదో అనబోయారు."

"నీకు పని చెప్పే ఓపిక నాకు ఎప్పుడో పోయింది. కానియ్యి."

ట్యాంకు వాల్వు కట్టలేదు. ఖాళీ గోడకి నీళ్ళు కట్టనక్కర్లేదని నేర్పిందీ ఆయనే. డ్రిల్లు పెట్టాను. పూత రాలింది. ఇటుక పొడి ఎర్రగా వచ్చింది. ఆ తర్వాత చేతికి మెత్తగా తగిలింది. ఇటుక అలా తగలదు. చెయ్యి వెనక్కి తీసుకునేలోపే నీళ్ళు నా మొహాన కొట్టాయి.

"అయ్యో!" అంటూ నా భార్య వంటగదిలోంచి పరిగెత్తుకొచ్చింది. కన్నం మీద అరచెయ్యి నొక్కి పట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి నాలుగు వైపులా చిమ్ముతున్నాయి. నేను డాబా మీదికి పరిగెత్తాను. వాల్వు తుప్పుపట్టి తిరగలేదు. పానా వేసి తిప్పి, కట్టి, దిగొచ్చేసరికి గది మడుగయింది.

మేస్త్రీ కుర్చీలోంచి లేవలేదు. కాళ్ళు మాత్రం పైకెత్తి పెట్టుకున్నాడు.

"చుక్క పడింది," అన్నాడు.

నా భార్య జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. "నువ్వు చూసుకోలేదా? పైపు మీద పెట్టావా?" అంది నాతో.

"అక్కడ పైపు ఉండకూడదు," అన్నాను.

"ఉంది కదా!"

"ఉండకూడదు."

ఆయన వైపు చూశాను. గెలిచిన మనిషి అలా ఉండడు. నా మీద ఒక్క తిట్టయినా పడాలి, పడలేదు. గోడ వంక చూస్తున్నాడు.

"పెట్టెలు సర్దుకోండి. గోడ జోలికి పోకు. రేపు నేను చూసుకుంటాను," అన్నాడు.

"రేపటిదాకా ఇంట్లో నీళ్ళు ఉండవు మేస్త్రీ."

"ఉండకపోతే నేను చస్తాను. నీకేం? గోడ ముట్టుకోవద్దన్నాను."

ముట్టుకోవద్దు అన్నాకే నాకు తవ్వాలనిపించింది. మా ఊళ్ళో చేను దున్నేటప్పుడు ఎద్దు ఒకచోట మొరాయించిందంటే అక్కడ కింద రాయి ఉందని లెక్క. ఉలి తీసుకున్నాను. కన్నం చుట్టూ పూత కొట్టాను. ఆయన "ఒరేయ్" అన్నాడు. ఇంకా కొట్టాను. "ఒరేయ్, నీకే చెప్పేది" అన్నాడు. మూరెడు పొడుగున ఇటుక బయటపడేదాకా కొట్టాను.

పైపు గోడలో ఏటవాలుగా ఉంది. ఆ వాలు చూస్తే వీధి మూలలో తలెత్తు నుంచి సింకు కిందికి, నిచ్చెన చేరేసినట్టు పోతోంది. కింది చివర వంపు దగ్గర ఎల్బో లేదు. పైపునే వంచారు. వంపు లోపలి వైపు ముడతలు పడి ఉంది, బయటి వైపు గోధుమరంగు మచ్చ. మంట మచ్చ.

నేను ఉలి కింద పెట్టాను. గోడలోంచి ఒక్కో చుక్క పడుతోంది.

"నాన్నా, ఇది వంకరగా ఉందేం?" అంది నా భార్య.

మేస్త్రీ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

"నాన్నా, నిన్నే."

"ఏమో. ఎవరు వేశారో."

"ఈ ఇంట్లో నువ్వు కాక ఇంకెవరు వేశారు?" ఆమె వంపు మీది మచ్చని వేలితో రాసింది. రాస్తూ రాస్తూ ఆగింది. "అప్పుడు నాకు ఆరేళ్ళు. రేపు ఈ ఇంట్లో సామాను దిగుతుందనగా అమ్మ పొయ్యి మీద నువ్వేదో కాల్చావు. ఇల్లంతా కంపు. అమ్మ నిన్ను తిడుతుంటే, నోరు మూసుకో, ఎవరైనా వింటారు అన్నావు. ఇదేనా?"

ఆయన మొహం ముడుచుకుపోయింది. "రెండు ఎల్బోలు తక్కువ పడ్డాయి," అన్నాడు చివరికి. "కొట్టు మూసేశారు. మర్నాడు పొద్దున్నే సామాను బండి. నన్నేం చెయ్యమంటావు?"

"కొట్టు తెరిచేదాకా కూర్చోమంటాను," అన్నాను నేను.

ఆ రోజు నేను అన్న పెద్ద మాట అదొక్కటే. ఆయన నా వంక చూసిన చూపు సాన పెట్టిన కొడవలిలా ఉంది.

"అంటే నువ్వు చూస్తూ ఊరుకున్నావు," అంది నా భార్య తండ్రితో. "డ్రిల్లు సరిగ్గా దాని మీదే పెడుతున్నాడని తెలుసు. ఇల్లు మునిగినా సరే, ఈ వంకర బయటపడకూడదు. మేం వీధిన పడ్డా సరే. అంతేనా?"

"అరవకు. వీధి తలుపు వెయ్యి."

"తలుపెక్కడుంది? పెరట్లో ఉంది."

ఆయన గుమ్మం వంక చూశాడు. బోడిగా తెరుచుకుని ఉంది. వీధిలో పోయేవాళ్ళకి గది మొత్తం కనిపిస్తుంది. అప్పుడు గడియారం వంక చూశాడు. పన్నెండున్నర. నాలుగింటికి ఇంచీ వస్తాడు. తానే పిలిచాడు. తానే న్యాయం చెప్పమన్నాడు.

నేను పనిలో పడ్డాను. పగిలిన ముక్క కోసి తీసేశాను. ఆ మధ్యలో ఒక టీ అంటించాను. దాని పక్క మూతికి చిన్న వాల్వు, వాల్వుకి తెల్ల గొట్టం. ఇక వంటగదిలోకి కన్నం అక్కర్లేదు. ఆయన వంకర పైపు నుంచే ఫ్రిజ్‌కి నీళ్ళు. అంటించిన జిగురు ఆరడానికి రెండు గంటలు వదిలేశాను. ఆ రెండు గంటలూ నా భార్య నేల తుడిచి పిండింది, తుడిచి పిండింది. తండ్రి కాళ్ళ దగ్గరికొచ్చినప్పుడు "కాళ్ళెత్తు" అంది. ఎత్తాడు.

మూడున్నరకి ట్యాంకు వాల్వు తిప్పాను. అతుకుల మీద పొడి కాగితం పెట్టి చూశాను. తడి అంటలేదు. ప్లగ్గు పెట్టాను. ఫ్రిజ్ గుర్రుమంది.

"సిమెంటు ఉందా?" అన్నాడు మేస్త్రీ. గొంతు వేరుగా ఉంది.

"లేదు."

"కొట్టుకెళ్ళి తీసుకురా. పూడ్చెయ్యి."

"పూడిస్తే వాల్వుకి చెయ్యి అందదు. రేపు ఏదైనా అయితే ఎలా కట్టాలి?"

"వాల్వు లేకపోతే చస్తావా?"

"వాల్వు లేకుండా లైను ఇవ్వొద్దన్నది మీరే మేస్త్రీ."

నా భార్య నవ్వింది. ఆ రోజు అదే మొదటి నవ్వు, మంచి నవ్వు కాదు. "ఇంచీ వచ్చాక అడుగుదాం నాన్నా. అతనే చూసి చెబుతాడుగా."

ఆ మాట పూర్తయిందో లేదో, వీధి చివర బండి ఆగిన చప్పుడు. ఇంకా నాలుగు కాలేదు. ఇంచీ ఎప్పుడూ పది నిమిషాలు ముందుంటాడు. "మేస్త్రీగారూ!" అన్న పిలుపు. తలుపు లేని గుమ్మం.

అప్పుడు లేచాడు మేస్త్రీ. చేతికర్ర తీసుకోలేదు. తుంటి పట్టుకుని నాలుగు అంగల్లో ఫ్రిజ్ దగ్గరికెళ్ళి, భుజం ఆనించి గోడ వైపు తోశాడు. నిన్నటి నుంచి ఏ పెట్టెని బయటికి తొయ్యాలన్నాడో దాన్నే. చక్రాలు కిర్రుమన్నాయి.

"గొట్టం నలిగిపోతుంది, ఆగండి!" అన్నాను.

"చుట్టి పెట్టు. తొందరగా."

వంగి గొట్టం చుట్ట వెనకాల సర్దాను. ఆయన మళ్ళీ తోశాడు. నేనూ చెయ్యి వేశాను. జాలి పడి కాదు. ఫ్రిజ్ మాది. అది గోడకి ఆనుకునేసరికి ఇంచీ బూడిదరంగు బూట్లు గుమ్మంలో ఉన్నాయి.

"ఏం అల్లుడుగారూ, ఇంటి తలుపే అమ్మేశారా?" అన్నాడు లోపలికొస్తూ. "మేస్త్రీగారేంటి, రొప్పుతున్నారు?"

"వయసురా," అన్నాడు మేస్త్రీ, ఫ్రిజ్‌కి వీపు ఆనించి నిలబడి.

ఇంచీ గది చుట్టూ చూశాడు. వంగి నేలని అరచేత్తో తాకాడు. చెయ్యి చూసుకున్నాడు. "నేల తడిగా ఉందే?"

నా భార్య నోరు తెరిచింది. నేను ఆమె వంక చూశాను. మూసింది. చెప్పాల్సింది మేము కాదు. షరతు పెట్టింది ఆయన. చుక్క పడిందని చెబితే మేం పోవాలి. పోతే పెట్టె పోతుంది. పెట్టె పోతే గోడ కనిపిస్తుంది.

"చెంబు నా కాలు తగిలి దొర్లింది," అన్నాడు మేస్త్రీ.

"ఒక్క చెంబుకే ఇంత మేరా?"

"పెద్ద చెంబు."

ఇంచీ నా మొహం చూశాడు. నా మొహంలో ఏమీ ఉండదు, చిన్నప్పటి నుంచీ అంతే. వాడు ఫ్రిజ్ పక్కకొచ్చి వెనక సందులోకి తొంగిచూడబోయాడు. "గోడకి మరీ ఆనించేశాడండీ. వెనక రెండు అంగుళాలు ఖాళీ ఉండాలి. గాలి ఆడదు. కొంచెం ఇటు లాగుదాం, లైను కూడా చూసినట్టుంటుంది."

"అక్కర్లేదు."

"చూడమనే కదా పిలిచారు?"

"పిలిచాను. ముందు నుంచి చూడు."

"ముందు నుంచి ఏం కనిపిస్తుంది మేస్త్రీగారూ? అతుకు చూడకుండా పని బాగుందని ఎలా చెప్పను? మీరే కదా నేర్పారు..."

"నేర్పిందంతా నాకే అప్పజెప్పకు!" మేస్త్రీ గొంతుకి కిటికీ అద్దం అదిరింది. "నా ఇల్లు. నా గోడ. ఆ పెట్టె జానెడు కాదు, వేలెడు కూడా కదలదు. అర్థమయిందా?"

ఇంచీ రెండడుగులు వెనక్కి వేశాడు. ఆయన తన మీద అరవడం వాడికి కొత్త. నాకు కాదు.

నా భార్య గ్లాసు తెచ్చింది. తండ్రి భుజం పక్కనుంచి చెయ్యి పోనిచ్చి నొక్కింది. ముందు గాలి చీదింది, తర్వాత బొగ్గు రంగు నీళ్ళు వచ్చాయి. కొత్త ఫిల్టర్ అంతే. పారబోసింది. నాలుగో గ్లాసుకి తేటపడ్డాయి. ఇంకా చల్లబడలేదు. అయినా నిలబడే తాగింది, గడగడా, చివరి చుక్క దాకా. తాగి, ఖాళీ గ్లాసు ఇంచీ చేతిలో పెట్టింది.

"నువ్వూ పట్టుకో. చూసి చెప్పు."

వాడు పట్టుకున్నాడు, తాగాడు. కింద, పక్కన చూశాడు. "కారడం లేదు," అన్నాడు మేస్త్రీతో, ఒప్పుకోలేక ఒప్పుకుంటూ. "పని బాగానే ఉన్నట్టుంది."

"ఉన్నట్టుంది కాదు, ఉంది," అన్నాడు మేస్త్రీ. ఆ మాట అంటున్నప్పుడు కూడా నన్ను చూడలేదు.

ఇంచీ వెళ్ళాక తలుపు రెక్క తెచ్చి బందుల్లో కూర్చోబెట్టాను. మేస్త్రీ కుర్చీలో కూలబడి తుంటి రుద్దుకుంటున్నాడు.

"ఎక్కడైనా నోరు తెరిచావో..." అన్నాడు.

"ఎప్పుడైనా తెరిచానా?"

"అదేరా నీతో భయం. తెరిచేవాణ్ణయితే మూయించొచ్చు."

మేం పెట్టెలు సర్దలేదు. ఆయనా సర్దమనలేదు. ఆ మధ్యాహ్నం గురించి ఆ ఇంట్లో ఇంకెవరూ మాట్లాడలేదు.

ఇది జరిగి ఏడాది దాటింది. నా మీద ఆయనకి ఇష్టం ఏమీ పెరగలేదు. ఇప్పటికీ ఏరా అనే పిలుస్తాడు. ఫ్రిజ్ నీళ్ళు తాగడు, ప్లాస్టిక్ కంపట. నా భార్య లాండ్రీ నుంచి రాగానే చెప్పులతోనే వెళ్ళి గ్లాసు నొక్కుతుంది. ఆ చప్పుడికి ఆయన పళ్ళు కొరుకుతాడు. కొరికి ఊరుకుంటాడు.

పోయిన నెల ఫ్రిజ్ ఎక్కువ చప్పుడు చేస్తోందని కంపెనీ మనిషిని పిలిచాం. అతను సంచీ దించి, "వెనకవైపు చూడాలి, కొంచెం లాగుతానండీ" అన్నాడు.

మేస్త్రీ లేచాడు. కుర్చీ ఈడ్చుకుంటూ వెళ్ళి ఫ్రిజ్ పక్క సందుకి అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు. కర్ర ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ముందు నుంచే చూడు," అన్నాడు.